‘రుచి’ గడి ఖాళీగా ఉండిపోయింది: పచ్చళ్ల యూనిట్ పెట్టిన నా అనుభవం

2025 జూన్ 5న యూనిట్ లోను ఎనిమిదో కిస్తీ కట్టాను. 2024 జనవరిలో తలకెత్తుకున్న పని ఇప్పటికి ఒక కొలిక్కి వచ్చింది. తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి రెండే ప్రశ్నలు: లోను ఎలా వచ్చింది, నెలకెంత మిగులుతోంది. రెండూ చెప్తాను. వాటి మధ్యలో నాకేమైందో ఎవరూ అడగరు. అదీ చెప్తాను, ఎందుకంటే ఖర్చుల్లో అది కూడా రాసుకోవాల్సిందే అని నాకు ఆలస్యంగా తెలిసింది.

మాది నరసరావుపేట. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాం, మారతహళ్లి దగ్గర ఉంటాం. 2021 మే నెలలో, కరోనా వల్ల ఊరికి వెళ్లలేక, ఇంట్లోనే 12 కేజీల ఆవకాయ కలిపాను. సగం అపార్ట్‌మెంట్ వాళ్లే పట్టుకుపోయారు. మరుసటి ఏడాది, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకున్నాను. అప్పట్లో ఏడాదికి 100 రూపాయలే, అయిదేళ్లకు ఒకేసారి 500 కట్టాను, తొమ్మిదో రోజుకి వచ్చేసింది. ఆ కాగితం ప్రింటు తీసి వంటింట్లో అంటించిన రోజు మావారు మైసూర్‌పాక్ తెచ్చారు. అంత తేలికగా అయిన పని మళ్లీ నాకు తగల్లేదు.

2023-24లో మొత్తం అమ్మకం 10 లక్షల 80 వేలు. అన్ని ఖర్చులూ పోను చేతికి మిగిలింది 2 లక్షల 90 వేలు. నాకు సాయంగా కర్ణాటకలోనే ఉన్న చింతామణి ఊరి వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, చదువు కన్నడంలో. మేమిద్దరం, రెండు పెద్ద బేసిన్లు, ఒక మిక్సీ. బాగానే నడిచేది.

2024 సంక్రాంతికి అపార్ట్‌మెంట్ మేళాలో స్టాల్ పెట్టాను. అక్కడ గోంగూర రుచి చూసిన ఒకాయన జనవరి 18న ఫోన్ చేశారు. నగరంలో చాలా చోట్ల ఉన్న ఒక సూపర్‌మార్కెట్‌కి సరుకు కొనే ఆయన. ‘నెలకు 400 కేజీలు ఇవ్వగలరా మేడమ్?’ అన్నారు. అప్పటికి నేను నెలకు 180 దాటింది లేదు. ‘ఇస్తానండీ’ అనేశాను. ఫోన్ పెట్టాక చేతులు వణికాయి. భయమో సంతోషమో ఇప్పటికీ చెప్పలేను.

ఇల్లు వదిలి షెడ్డులోకి వెళ్లాలి. 2024 నాటి నియమం ప్రకారం ఏడాది అమ్మకం 12 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ చాలేది కాదు, స్టేట్ లైసెన్స్ కావాల్సి ఉండేది. మిషన్లకి లోను కావాలి. చిన్న ఆహార యూనిట్లకి అప్పుడు పీఎంఎఫ్‌ఎంఈ అని కేంద్రం పథకం ఉండేది. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, దానికి కర్ణాటక ఇంకో 15 శాతం కలిపేది. మన వాటా కనీసం 10 శాతం పెట్టుకోవాల్సి ఉండేది. ఫైలు చేసిపెట్టడానికి ఒక ఏజెంటు 25 వేలు అడిగాడు. ఇవ్వడానికి సిద్ధపడ్డాను కూడా. తర్వాత తెలిసింది, ప్రతి జిల్లాలో దీనికోసమే రిసోర్స్ పర్సన్లు ఉంటారని, వాళ్ల ఫీజు ప్రభుత్వమే ఇస్తుందని, మనం పైసా ఇవ్వక్కర్లేదని. మాకు దొరికిన ఆయన ఓపికమంతుడు. మిషన్ల కొటేషన్లు, షెడ్డు అద్దె అగ్రిమెంటు, రెండేళ్ల లెక్కలు అన్నీ పేర్చి ప్రాజెక్టు రిపోర్టు చేసేసరికి మూడు వారాలు పట్టింది. 14 లక్షల 20 వేల ప్రాజెక్టు. మార్చి 11న బ్యాంకులో ఇచ్చాం.

అక్కడ మొదలైంది నిరీక్షణ.

ఆ మార్చి బెంగళూరులో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, బోర్లన్నీ ఎండిపోయి ట్యాంకర్ కోసం కాళ్లావేళ్లా పడిన ఎండాకాలం అది. కాడుగోడి అవతల నేను అద్దెకు మాట్లాడుకున్న షెడ్డులో బోరు సరిగ్గా అప్పుడే ఆగింది. లైసెన్స్ కోసం నీళ్ల పరీక్ష రిపోర్టు ముందే చేయించి పెట్టుకున్నాను, ఆ బోరు నీళ్లకే. ఇప్పుడు ట్యాంకర్ నీళ్లు కాబట్టి మళ్లీ పరీక్ష. రెండుసార్లకీ కలిపి 7,600. సరుకు కొనక ముందే నీళ్లకి డబ్బు పోసినదాన్ని నేనే అయ్యుంటాను.

బ్యాంకు వాళ్లు ఏప్రిల్ చివర షెడ్డు చూడ్డానికి వస్తామన్నారు. ఏప్రిల్ 26న ఇక్కడ లోక్‌సభ పోలింగు. ఫైలు చూసే ఆయనకి ఎలక్షన్ డ్యూటీ పడింది, వారం వెనక్కి. మేలో వచ్చి చూసి వెళ్లారు. జూన్‌లో మేనేజరు బదిలీ. కొత్తగా వచ్చినావిడ ఫైలు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. తప్పు కాదు, నేనైనా అదే చేస్తాను. కానీ నా షెడ్డు అద్దె మార్చి నుంచి నెలకు 22 వేలు నడుస్తోంది, తలుపుకి తాళం వేసి.

ఆ నెలల్లో నా పరిస్థితి ఎలా ఉండేదంటే, పొద్దున కళ్లు తెరిస్తే పథకం వెబ్‌సైటు పోర్టల్‌లో మా అర్జీ స్టేటస్ చూడ్డం. ‘బ్యాంకు వద్ద పెండింగ్’. రాత్రి పడుకునే ముందు మళ్లీ. మధ్యలో నాలాగే పచ్చళ్లు చేసే ఒకావిడ వీడియోలు. ఆవిడకి అప్పటికే సొంత యూనిట్, అమెరికాకి పార్సిళ్లు. ఆవిడ నవ్వుతూ జాడీ మూత తీస్తుంటే నాకు కడుపులో మంట. ఆవిడ నాకేం అపకారం చేసింది పాపం! అయినా రాత్రి పదకొండింటికి లేచి కూర్చుని ఆవిడ సీసా మూత ఏ రంగో, లేబుల్ మీద నికర బరువు ఎక్కడ వేసిందో చూసేదాన్ని.

ఇంట్లో ఏది అడిగినా నా జవాబు ‘లోను రానీ’. అబ్బాయి ఊరు వెళ్దామంటే లోను రానీ. మావారు సోఫా కవర్లు మారుద్దామంటే లోను రానీ. ఏప్రిల్ 9 ఉగాది. అత్తయ్య పచ్చడి గిన్నె చేతికిచ్చారు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో తిన్నాను.

‘ఎలా ఉందమ్మా?’

‘చాలా బావుంది అత్తయ్యా.’

‘వేపపువ్వు వెయ్యడమే మర్చిపోయాను,’ అన్నారావిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రుచి అమ్ముకుని బతికేదాన్ని, ఉగాది పచ్చట్లో చేదు లేదని నాలుక చెప్పలేదు. అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

మే వచ్చింది. మాకు ఏడాదంతా ఒక ఎత్తు, ఆవకాయ ఒక్కటీ ఒక ఎత్తు. విజయవాడ పక్కన నున్న అనే ఊళ్లోని మామిడి మార్కెట్ నుంచి కాయ రాత్రి బస్సులో పార్సిల్‌గా వస్తుంది. తెల్లారి ఆరింటికి దించుకుని, కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా కొట్టించి, జీడి తీసి, లోపలి పొర గోకి, మధ్యాహ్నానికల్లా కలిపేయాలి. ముందు ఏడాది 150 కేజీలు చేశాం. ఈసారి పెద్ద యూనిట్ పెట్టబోతున్నాం కదా అని అదే వంటింట్లో 260కి ఎత్తుకున్నాను. బ్యాంకు వాళ్లకి చూపించడానికి అమ్మకం కనిపించాలని ఒక ఆశ.

మాకో అలవాటు ఉండేది. మూడో రోజు జాడీ వాసెన విప్పి తిరగకలిపినప్పుడు ఊట పైకి వచ్చి ఉంటుంది. సీసాల్లోకి తీశాక బేసిన్‌కి అంటుకున్న పిండీ ఊటా ఉంటాయి చూడండి, దాంట్లో వేడి వేడి అన్నం వేసి కలిపి, ఎవరుంటే వాళ్ల చేతుల్లో ముద్ద పెట్టడం. అక్క, అత్తయ్య, అబ్బాయి, పక్కింటావిడ, ఒక్కోసారి సీసాలు తెచ్చిన ఆటో అబ్బాయి. పావుగంట పని. 2024 మేలో, మొదటి మూడు బ్యాచ్‌లయ్యాక, అది మానేశాం. ఎవరో వద్దన్నారని కాదు. ఒక బేసిన్ ఖాళీ కాగానే అక్క దాన్ని కడిగి ఆరబెట్టి రెండో విడతకి సిద్ధం చేసేది. ‘అన్నం పెట్టేదా అమ్మా?’ అని మొదటి రోజు అడిగింది. ‘ఇప్పుడెక్కడ అక్కా, టైమ్ లేదు’ అన్నాను. మళ్లీ అడగలేదు.

జూన్ 20 ప్రాంతంలో బెళ్ళందూరు నుంచి ఒక పెద్దావిడ ఫోన్. రెండేళ్లుగా మా దగ్గరే తీసుకుంటారు. ‘ఏం అనుకోకమ్మా, ఈసారి ఉప్పు ఎక్కువైంది. మా ఆయనకి బీపీ, అందుకని చెప్తున్నా’ అన్నారు. ఒకరే కదా, అలవాటు తేడా అనుకున్నాను. వారంలో ఇంకో నలుగురు. అప్పుడు బ్యాచ్ రిజిస్టరు తీశాను.

ఆ రిజిస్టరు నేనే గీసుకున్నది. తేదీ, బ్యాచ్ నంబరు, ముక్క ఎన్ని కేజీలు, కారం ఏ లాటు, ఉప్పు, నూనె, చివర్న ‘రుచి’ అని ఒక గడి. తిన్నవాళ్లు అన్న మాట అందులో రాసేదాన్ని. ‘ఆవ ఘాటు బాగుంది’, ‘వెల్లుల్లి తగ్గింది’, ఒకచోట అబ్బాయి చేతిరాతతో ‘సూపర్’. మే నెలలో 14 బ్యాచ్‌లు. మొదటి మూడింటికి రాసి ఉంది, అదీ పాత అలవాటు కొద్దీ. మిగతా 11 గడులూ ఖాళీ.

తప్పు ఎక్కడో వెంటనే దొరికింది. ఎప్పుడూ కల్లుప్పు ఎండబెట్టి మేమే దంచుకునేవాళ్లం. ఆ నెల నాలుగో బ్యాచ్ నుంచి తీరిక లేక ప్యాకెట్ మెత్తటి ఉప్పు తెప్పించాను, కొలిచింది మాత్రం పాత డబ్బాతోనే. బరకగా దంచిన ఉప్పు డబ్బాలో వదులుగా కూర్చుంటుంది, మెత్తటిది గట్టిగా కూరుకుపోయి ఎక్కువ బరువు తూగుతుంది. ఇంత చిన్న సంగతి. మూడో రోజు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉంటే నాలుగో బ్యాచ్‌లోనే తెలిసిపోయేది. 62 సీసాలు వెనక్కి తీసుకున్నాను. కొరియర్‌తో కలిపి 21 వేల పైచిలుకు పోయింది.

డబ్బు కంటే వేరేది మనసుకి తగిలింది. బేసిన్‌లో అన్నం కలపడం నేను సరదా అనుకున్నాను. పని అయ్యాక మనకి మనం ఇచ్చుకునే బహుమానం లాంటిది, తొందరగా ఉన్నప్పుడు పక్కన పెట్టొచ్చు అనుకున్నాను. నిజానికి పనిలో చివరి మెట్టు అదే. మా క్వాలిటీ చెకింగ్ మొత్తం ఆ పావుగంటలోనే ఉంది. ఆనందించడం మానేసినందుకు జరిమానా కట్టానన్నమాట, రసీదుతో సహా.

తృప్తిగా ఉండమని, ఉన్నదాంతో సరిపెట్టుకోమని నాకు చాలామంది చెప్పారు ఈ ఏడాదిన్నరలో. వాళ్ల మాట నాకు ఎక్కలేదు. ఇప్పటికీ ఎక్కదు. నాకు పెద్ద యూనిట్ కావాలి, ఇంకా పెద్దది కూడా కావాలి. కాకపోతే ఇవాళ కలిపినదాన్ని ఇవాళ తినాలి, రేపటి 400 కేజీల కోసం ఎదురుచూస్తూ కాదు. ఆ రెండిటికీ గొడవ లేదని నాకు ఉప్పు చెప్పింది.

జూలైలో రెండు పనులు చేశాను. పోర్టల్ చూడ్డం మావారికి అప్పగించాను, సోమవారం ఒక్కరోజే చూసి చెప్పాలని షరతు. మొదటి వారం చెయ్యి ఆగేది కాదు, మూడో వారానికి అలవాటైంది. రెండోది, రిజిస్టరులో రుచి గడి నిండకపోతే సీసా మీద లేబుల్ వెయ్యకూడదని అక్కకీ నాకూ నియమం. రాసే పని అక్కదే.

ఆగస్టు 14న లోను మంజూరైంది. అడిగింది 14 లక్షల 20 వేల ప్రాజెక్టు, బ్యాంకు ఒప్పుకున్నది 8 లక్షల 70 వేలకి. ఆటోమేటిక్ ఫిల్లింగ్ మిషను కొట్టేశారు. అందులో మా వాటా 87 వేలు పోను లోను 7 లక్షల 83 వేలు. ఒక సంగతి ముందే తెలుసుకోండి: సబ్సిడీ మన చేతికి రాదు. బ్యాంకులోనే విడిగా మూడేళ్లు ఉంటుంది, కిస్తీలు సరిగ్గా కడితే అప్పుడు లోనులో జమ చేసుకుంటారు. అంత భాగానికి వడ్డీ వెయ్యరు, అదొక్కటే ఇప్పటికి ఊరట. ఆరు నెలల క్రితం అయితే 14 అడిగితే 8 ఇచ్చారని ఏడ్చేదాన్ని. ఆ సాయంత్రం సెనగపిండి బజ్జీలు వేసుకుని తిన్నాం. కొంచెం ఏడ్చాను కూడా, అబద్ధం ఎందుకు.

త్రీఫేజ్ కరెంటుకి ఆరు వారాలు. స్టేట్ లైసెన్స్‌కి సెప్టెంబరులో పెట్టాను, ఏడాదికి 3,000 ఫీజు. షెడ్డు ప్లాను, మిషన్ల జాబితా, నీళ్ల రిపోర్టు, మా ఇద్దరికీ డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు. తనిఖీకి వచ్చినావిడ కిటికీలకి దోమతెర, చేతులు కడుక్కునే చోటు వేరుగా ఉండాలని రాసి వెళ్లారు. అవి పెట్టించి ఫొటోలు పంపాక, మొత్తం 41వ రోజున వచ్చింది.

అక్టోబరు 11న ఆయుధపూజ. పిండి ఆడించే పల్వరైజరుకి, మిక్సింగ్ మిషనుకి కుంకుమ పెట్టి, గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ కొట్టాం. అక్క మిషనుకి దండ వేసి వెనక్కి జరిగి చూసి, ‘బలే ఉంది కదమ్మా, పెళ్లికూతురి మాదిరి’ అంది.

ఆ పెళ్లికూతురు నవంబరులో 40 కేజీల ఆవాలు పాడుచేసింది. ఆపకుండా ఆడిస్తే పల్వరైజరు వేడెక్కుతుంది, ఆ వేడికి ఆవపిండి ఘాటు పోయి చేదు తిరుగుతుంది. మిషను అమ్మినవాళ్లు చెప్పలేదు. ఇప్పుడు అయిదారు కేజీలు ఆడించి, ఆపి, డ్రమ్ము చల్లారాక మళ్లీ. ఈసారి సీసాకెక్కక ముందే పట్టుకున్నాం. రుచి గడిలో అక్క రాసింది ఒకే ముక్క: ‘చేదు’. ఉగాది నాడు నాకు తెలియనిది.

సూపర్‌మార్కెట్‌ వాళ్లకి డిసెంబరు నుంచి రెండు షాపులకి ఇస్తున్నాం. 30 రోజుల్లో డబ్బు అన్నారు, మొదటి బిల్లు 57వ రోజున వచ్చింది. అమ్ముడుపోని సీసాలు మన మీదే వెనక్కి. చేతిలో రెండు నెలల పెట్టుబడి లేకుండా ఈ వ్యాపారంలోకి దిగకండి.

2025 జనవరిలో అదే ఆయన మళ్లీ ఫోన్. ‘తొమ్మిది షాపులకి ఇవ్వండి మేడమ్.’ ఏడాది క్రితం నేను కలలో కూడా కోరుకున్న ఫోన్ అది. ఆ రాత్రి లెక్క వేశాను. ఇంకో ఇద్దరు మనుషులు, బకాయి పడే డబ్బు నాలుగున్నర రెట్లు, రోజూ రెండు షిఫ్టులు. ఇప్పుడున్న మనుషులతో, మిషన్లతో, ప్రతి బ్యాచ్ నోట్లో పెట్టుకుని చూసి పంపగలిగింది నెలకు 320 కేజీలు. గోడమీద క్యాలెండర్‌లో ఆ అంకె రాసి చుట్టూ గీత గీశాను. మరునాడు ‘జూన్ నుంచి నాలుగు షాపులకి అయితే ఇవ్వగలను’ అన్నాను. ఆయన ‘చూస్తాను’ అని పెట్టేశారు. పదహారు రోజులు పలకలేదు. ఆ పదహారు రోజులూ చాలాసార్లు ఫోన్ తీసి ‘తొమ్మిదీ ఇస్తానండీ’ అని టైపు చేసి తుడిపేశాను. చివరికి మూడు షాపులకి ఒప్పుకున్నారు. మిగతా ఆరింటికి వేరే వాళ్ల సరుకు వెళ్తోంది, వెళ్లి చూశాను కూడా. రేటు మాకంటే ముప్పై రూపాయలు తక్కువ. ఒక సీసా కొన్నాను. బాగానే ఉంది, ఏం చెప్పను! అప్పుడప్పుడు ఆ ఆరు షాపులు గుర్తొచ్చి నిద్ర పట్టదు. నెలకు 320ని వచ్చే ఏటికి 500 చేయాలని ఉంది, ఒక మనిషిని అదనంగా పెట్టుకుని పని నేర్పిస్తున్నాను.

అందరూ అడిగే రెండో ప్రశ్నకి జవాబు: కిస్తీ 17 వేలకు దగ్గర, అద్దె 22 వేలు, కరెంటు, జీతాలు, సీసాలు అన్నీ పోను గత మూడు నెలల సగటు 31 వేలు. ఇంటి నుంచి చేసినప్పటి కంటే పెద్ద ఎక్కువేం కాదు, నిరాశపడితే పడండి. లోను తీరాక కథ వేరే.

ఈ మేలో షెడ్డులోకి ఒక చిన్న గ్యాసు పొయ్యి, కుక్కరు తెచ్చి పెట్టుకున్నాను. కలిపే గదిలో కాదు, బయట వరండాలో, తనిఖీ ఆవిడ చదివితే కంగారు పడక్కర్లేదు. మొదటి ఆవకాయ బ్యాచ్ మూడో రోజు తిరగకలిపి సీసాలకెక్కించాక బేసిన్ బయటికి తెచ్చుకున్నాం. అక్క, కొత్తగా చేరిన అమ్మాయి, అత్తయ్య, నేను, ట్యాంకర్ తెచ్చినాయన, పక్క షెడ్డులో వెల్డింగ్ చేసే ఇద్దరు కుర్రాళ్లు. కుక్కరు అడుగంటా గోకేశాం. సాయంత్రం లేబుళ్లు వేయబోతూ రిజిస్టరు చూశాను. అక్క తెలుగు మాటనే కన్నడ అక్షరాల్లో రాస్తుంది, కూడబలుక్కుని చదవాలి.

‘ఉప్పు సరి. అన్నం చాల్లేదు.’